చివర్లు చీలిన మొక్కు

వెంట్రుక చివర చీలి ఉంటే స్వామివారికి పనికిరాదన్న సంగతి మాకు ఆ రోజు దాకా తెలియదు. నాకు తెలియకపోవడంలో వింత లేదు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆ తరవాత ముప్ఫయ్యేళ్ళుగా పిండి మర ఆడిస్తున్నవాణ్ణి. కానీ మా నాన్నకీ తెలియదు, మా తాతకీ తెలియదు. వాళ్ళు ఏటేటా కొండెక్కి, గుండు చేయించుకుని, చందనం రాసుకుని, స్వామి దయ అనుకుంటూ దిగి వచ్చారు. అన్నేళ్ళూ స్వామి ఎంత సర్దుకుపోయాడో ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మొక్కు మా ఆవిడ సత్యవేణిది. నిరుడు మాఘమాసంలో నాకు కడుపులో పేగు మెలిపడితే పట్నం ఆసుపత్రిలో కోత కోశారు. లోపల నేను మత్తులో ఉన్నాను. బయట బల్ల మీద ఆవిడ మెలకువగా కూర్చుని, "ఈయన్ని లేపి నడిపించు స్వామీ, నా తలనీలాలు పూర్తిగా ఇచ్చుకుంటాను. ఇచ్చుకునేదాకా ఒంటిపూట భోజనమే చేస్తాను" అనుకుంది. నేను లేచాను, నడిచాను. స్వామి తన వంతు మూడో రోజుకే పూర్తి చేశాడు. మా వంతే మిగిలిపోయింది.

నా తల మీద చెవుల పక్కన తప్ప ఎక్కడా వెంట్రుక లేదు కనక ఆ మొక్కులో పాలు పంచుకునే వీలు నాకు లేదు. డాక్టరు ఆరు నెలలు మెట్లు ఎక్కొద్దన్నాడు. ఆవిడ ఒక్కతే వెళ్ళనంది. "మీరు నడిచి రావడమే కదండీ నేను కోరుకుంది" అంది. అందువల్ల శ్రావణంలో ఇద్దరం కలిసి కొండెక్కాం.

కల్యాణకట్ట గుమ్మంలో కొత్త బోర్డు కనిపించింది. 'కేశ నాణ్యతా పరిశీలన విభాగం. పరిశీలన పూర్తయిన పిమ్మట మాత్రమే శిరోముండనమునకు అనుమతి.' బోర్డు కింద బల్ల, బల్ల మీద నల్ల మఖ్మల్ గుడ్డ, ఒక భూతద్దం, ఒక కొలబద్ద. బల్ల వెనక కేశ నాణ్యతాధికారి పరాంకుశం గారు. నుదుట నామం, జేబులో రెండు పెన్నులు. మంచి మనిషి. అంతకు ముందు ఏదో సిమెంటు సంస్థలో నాణ్యత చూసేవారట.

"అమ్మా, కంగారు పడకండి. ఇది బాధారహితమైన ప్రక్రియ" అన్నారాయన.

సత్యవేణి జడ విప్పి మఖ్మల్ మీద పరిచింది. ఆయన నూరు వెంట్రుకలు విడదీసి, భూతద్దం కింద ఒక్కొక్క చివరా చూసి, కాగితం మీద గీతలు గీశారు. అర్ధగంట పట్టింది. వెనక వరసలో ఎవరో "గోవిందా" అని నిట్టూర్చారు.

"నూటికి నలభై ఒకటి" అన్నారు చివరికి. "అనుమతించదగిన పరిమితి అయిదు."

"ఏటండీ నలభై ఒకటి?" అంది సత్యవేణి.

"చివరి చీలికలు తల్లీ. కావాలంటే మీ వారిని చూడమనండి."

నేను భూతద్దంలోంచి చూశాను. సాఫీగా ఉంటుందనుకున్న వెంట్రుక చివర అరిగిపోయిన చీపురు పుల్లలా విచ్చుకుని ఉంది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ జుట్టును నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"ఇందులో రకాలున్నాయి" అని వివరించారు పరాంకుశం గారు. "రెండుగా చీలితే పంగ రకం. ఇరుపక్కలా పాయలు లేస్తే ఈక రకం. మీ ఆవిడ గారిది ఈక. పంగ అయితే కొంత నయం. కారణ చరిత్ర ఏమిటి?"

"అంటే?"

"జుట్టు ఎందుకు ఇలా అయింది అని."

"మాకు పిండి మరండి" అన్నాను. "నేను మిషను చూస్తే, తను పోసేదీ ఎత్తేదీ చూస్తుంది. బియ్యప్పిండి, కారం, పసుపు, ఏదో ఒకటి తలలో పడుతూనే ఉంటుంది. రోజూ తలంటుకోవాలి. బోరు నీళ్ళు. తడిజుట్టు తువ్వాలుతో దులిపి, బిగించి ముడేసుకుని మళ్ళీ మర దగ్గరికి వచ్చేస్తుంది."

ఆయన 'వృత్తిపరమైన కేశక్షయం' అని రాసుకున్నారు.

సత్యవేణి కాసేపు ఆ కాగితం వంక చూసింది. "బాబూ, స్వామి చూసి వద్దన్నాడా?"

"స్వామివారు చూడరమ్మా. స్వామివారి తరఫున మేము చూస్తాం."

"ఆయన చూడకుండానే వద్దన్నట్టు మీకెలా తెలిసిందండీ?"

"నిబంధనావళి ఉంది కదమ్మా" అన్నారాయన ఎంతో మృదువుగా.

మా చేతిలో ఒక చీటీ పెట్టారు. దాని మీద ముద్ర కొట్టి ఉంది. 'భక్తి: సంతృప్తికరం. కేశం: అసంతృప్తికరం.'

బయట అరుగు మీద క్షురక సేవకురాలు కాసులమ్మ కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళకి గుండ్లు చేస్తున్న మనిషి. ఇప్పుడు కత్తి ఒళ్ళో పెట్టుకుని దారిన పోయేవాళ్ళ తలలు చూస్తోంది. ఈ నిబంధన ఎలా పుట్టిందో ఆవిడే చెప్పింది.

"ఏటా జుట్టు వేలం పాడతారు కదండీ. కొనేవోళ్ళు చివర్లు గరుగ్గా ఉన్నాయన్నారంట. ఇక పెద్దోళ్ళు కూర్చుని, కొనేవోడికే పనికిరాంది దేవుడికి ఎలా ఇత్తామని తీర్మానం చేసేశారండి."

ఇందులో తర్కం లేదని నేననను. ముందు కొనేవాడి కంటితో చూసి, ఆ తరవాత స్వామి కంటితో చూడాలని పెద్దలు అనుకున్నారు. నాలాంటివాడికి వచ్చే అనుమానం ఒకటే. స్వామి ఆ జుట్టు ఏనాడైనా దువ్వి చూసుకున్నాడా?

చీటీ వచ్చినవాళ్ళు కేశ అవగాహన సదస్సుకి తప్పనిసరిగా హాజరు కావాలి. నిత్యాన్నదాన సత్రం పైన హాల్లో రోజుకి రెండు విడతలు నడుస్తోంది. మా విడతలో ఎనభై మంది. అందులో తొమ్మిది నెలల పసివాడు ఒకడు. పుట్టువెంట్రుకలు తీయించడానికి తెచ్చారు. వాడి వెంట్రుకల్లో చీలిక ఒక్కటీ లేదు గానీ, మరీ మెత్తగా ఉన్నాయని చీటీ ఇచ్చారు. చీటీ ఎవరి పేరున వస్తే వాళ్ళే హాజరు కావాలి కనక వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని విన్నాడు. అందరికంటే శ్రద్ధగా విన్నవాడు వాడే.

పరాంకుశం గారు తెర మీద బొమ్మలు వేసి చెప్పారు. నిజం చెప్పాలంటే చక్కగా చెప్పారు. వెంట్రుక మీద పెంకుటింటి కప్పులా పొరలు ఉంటాయట. ఎండ, వేడి, రాపిడి తగిలి పెంకులు లేచిపోతే లోపలి నారలు బయటపడి చివర చీలుతుందట. చివర అన్నిటికంటే పాతది. ఎక్కువ కాలం ఎండా వానా చూసిన భాగం అదే కనక ముందు అదే చీలుతుంది.

"చీలింది అతుక్కోవాలంటే ఏ నూనె రాయాలండీ?" అని సత్యవేణి లేచి అడిగింది.

"అతకదమ్మా. ఏది రాసినా కాసేపు కనబడకుండా ఉంటుంది, అంతే. కత్తిరించడం ఒక్కటే మార్గం. కత్తిరించకపోతే చీలిక పైకి పాకుతుంది."

"అయితే మూడు కత్తెరలు ఇచ్చుకుంటామండీ" అంది వెనక బెంచీలో ఒకావిడ. పూర్తిగా గుండు చేయించుకోని ఆడవాళ్ళు జుట్టు చివర మూడుసార్లు కత్తిరించి ఇవ్వడం మా వైపు ఆచారం.

పరాంకుశం గారి ముఖం చిన్నబోయింది. "మూడు కత్తెరలు రద్దు చేశాం తల్లీ. మీరు కత్తిరించి ఇచ్చేది చివర్లే కదా. ఇన్నేళ్ళుగా భక్తులు స్వామివారికి ఏరి ఏరి చీలికలే సమర్పిస్తున్నారని మా అధ్యయనంలో తేలింది."

ఒక ముసలావిడ చెంపలు వేసుకుంది.

ఇంటికి వచ్చాక సత్యవేణి మర దగ్గరికి రావడం మానేసింది. చెప్పినవన్నీ వరసగా చేసింది. తడిజుట్టు దువ్వలేదు. తువ్వాలుతో దులపలేదు, అద్దింది. తలగడ మీద నూలు గుడ్డ రాపిడి పనికిరాదన్నారని పెళ్ళినాటి పట్టుచీర చెంగు కత్తిరించి గలీబు కుట్టుకుంది. కార్తీకం ముందు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక బ్యూటీ పార్లరు మెట్లెక్కి, నాలుగు వేళ్ళ మేర చివర్లు తీయించుకుంది. అక్కడి అమ్మాయి చీపురు తీసుకుంటే ఆవిడ చేయి పట్టుకుని ఆపిందట.

"అది ఊడవకమ్మా. మొక్కుకున్నది."

ఆ ముక్కలు గుడ్డలో మూటకట్టి తెచ్చి, కాలవ నీళ్ళలో వదిలింది. ఇంటికి వచ్చి ఏడ్చింది. "పూర్తిగా ఇస్తానన్నానండీ. ఇప్పుడే కొంత తగ్గిపోయింది." ఆ సరికి మనిషి సగమైంది. ఒంటిపూట మానమంటే వినదు. నాకోసం మొక్కి, నా కళ్ళెదుటే ఎండిపోతుంటే నాకు అన్నం సయించేది కాదు.

కార్తీకంలో రెండోసారి వెళ్ళాం. పరాంకుశం గారు లెక్కపెట్టి సంతోషంగా తల ఎత్తారు. "మూడే! నూటికి మూడే! శభాషమ్మా!"

సత్యవేణి అక్కడే చేతులు జోడించింది.

ఆయన కొలబద్ద తీశారు. "పదిహేడు అంగుళాలు. అయ్యో. కిందటి వారమే సర్క్యులర్ వచ్చిందమ్మా. కనీస పొడవు పద్దెనిమిది."

"మొన్నటిదాకా ఇరవై ఉండేదండీ! మీరు కత్తిరించమంటేనే కత్తిరించాను."

"చాలా సరైన పని చేశారు. రెండు నెలలు ఆగండి. నెలకు అరంగుళం పెరుగుతుంది."

"రెండు నెలల్లో చివర్లు మళ్ళీ చీలితేనండీ?"

"కత్తిరించాలి" అన్నారాయన. ఆ తరవాత ఏమవుతుందో ఆయన మనసులో లెక్క కట్టుకున్నట్టున్నారు, భూతద్దం తీసి తుడవడం మొదలుపెట్టారు.

ఆ రోజు కల్యాణకట్ట లోపలికి తొంగి చూశాను. నీళ్ళ చప్పుడు, పిల్లల ఏడుపులు, గోవింద నామాలతో హోరెత్తే హాలు చాపలు చుట్టిపెట్టి నిశ్శబ్దంగా ఉంది. గోడ మీద మాత్రం పెద్ద పట్టిక. 'విభాగ విజయాలు. గత మాసమున స్వీకరించిన కేశములలో లోపభూయిష్టమైనవి: సున్న.' కింద చిన్న అక్షరాలతో, గత మాసమున స్వీకరించిన కేశములు కూడా సున్న అని ఉంది. పసివాళ్ళ జుట్టు పొట్టి. ముసలివాళ్ళ జుట్టు పల్చన. మగవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు.

ఈ చిక్కులు మొదట్లోనే తుంచెయ్యాలని దేవస్థానం మరో ఏర్పాటు చేసింది. ఇకమీదట మొక్కుకునే ముందే అనుమతి పొందాలి. దరఖాస్తుతో పాటు జుట్టు నమూనా పంపితే ఆరు వారాల్లో 'మొక్కు యోగ్యతా పత్రం' ఇస్తారు. కౌంటరు దగ్గర ఒక కుర్రవయసు రైతు దరఖాస్తు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, ఈ గడిలో ఏం రాయాలండీ?"

చూశాను. 'కష్టం సంభవించబోవు తేదీ.'

"మా నాన్నని ఇయ్యాలే ఆసుపత్రిలో చేర్పించామండీ" అన్నాడు.

"అయితే ఆలస్యమైంది నాయనా" అని చెప్పడం తప్ప నాకేం తోచలేదు.

పుష్యం వెళ్ళి మాఘం వచ్చింది. నాకు కోత కోసి ఏడాది నిండింది. మూడోసారి కొండెక్కుతూ సత్యవేణి నూరో మెట్టు మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. జుట్టు పద్దెనిమిది అంగుళాలు ఉందని ఇంట్లోనే కొలుచుకున్నాం. చీలికలు తొమ్మిది వరకూ ఉన్నాయని భూతద్దం అరువు తెచ్చి నేనే లెక్కపెట్టాను.

ఆవిడకి మజ్జిగ తెస్తానని చెప్పి కొండ దుకాణాల వైపు వెళ్ళాను. అక్కడ కొత్త వ్యాపారం మొదలైంది. కొబ్బరికాయల కొట్లన్నిటిలోనూ సవరాలు వేలాడుతున్నాయి. నల్లగా, నిగనిగలాడుతూ, ఒక్క చీలిక లేకుండా.

"ఇయ్యి నూటికి తొంభై ఎనిమిది మార్కులు కొడతాయండి" అన్నాడు కొట్టువాడు. "జనం కొనుక్కెళ్ళి ఇచ్చేత్తన్నారు. ఎంచక్కా జడతోటే ఇంటికెళ్ళిపోతన్నారు."

నేను ఒకటి కొన్నాను. తప్పే. మనిషి మెట్టు మీద పడిపోయి ఉంటే నాకు ఇంకో ఆలోచన రాలేదు. మజ్జిగ చేతికిచ్చి, సవరం ఒళ్ళో పెట్టాను. ఆవిడ మజ్జిగ తాగి, సవరం ఎత్తి చూసింది.

"ఇదెవరిదండీ?"

"ఎవరిదైతేనేం, అందరూ ఇదే ఇస్తున్నారట. పని అయిపోతుంది వేణీ."

"మీకు లోపల కోత కోస్తుంటే, ఈ సవరం తల్లి వచ్చి బల్ల మీద కూర్చుందా?"

పని లేక పక్కనే మెట్ల మీద కూర్చుని మా కబుర్లు వింటున్న కాసులమ్మ చేయి చాపి సవరం తీసుకుని, రెండు వేళ్ళతో పామి చూసి నవ్వింది.

"ఇది ఇక్కడిదేనండి బాబూ. మన కొండ మీద గీసింది మన వేలంలోనే పాడుకుపోయి, కడిగి, చివర్లు కోసి, రంగేసి తెచ్చారు. మీరిచ్చింది మళ్ళీ వేలానికి పోద్ది. మళ్ళీ ఈ కొట్లకే వత్తాది. కొండెక్కడం దిగడం, దీనికే కాళ్ళు నొప్పులు."

అంటే రోజూ కొత్త భక్తులు వస్తున్నారు, స్వామికి మాత్రం అదే జుట్టు అందుతోంది. విభాగం వారి పట్టికలో అప్పటికి స్వీకరణలు వేలల్లోకి వెళ్ళాయి. నాణ్యత రోజురోజుకీ పెరుగుతోందని పత్రికా ప్రకటన కూడా ఇచ్చారు.

సత్యవేణి లేచి, నా చేయి పట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కింది. కాసులమ్మ మా వెనకే వచ్చింది. సత్యవేణి తిన్నగా పరాంకుశం గారి బల్ల దగ్గరికి వెళ్ళింది గానీ, జడ విప్పలేదు. కిందటి రెండుసార్లూ ఇచ్చిన చీటీలు ఆయన ముందు పెట్టింది.

"బాబూ, నాకో కాగితం కావాలండి."

"ఏ కాగితమమ్మా?"

"సత్యవేణి అనే మనిషి జుట్టు స్వామికి అక్కరలేదు అని రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. ఇంట్లో దేవుడి గూట్లో పెట్టుకుంటాను. రెండు పూటలా అన్నం తింటాను. మళ్ళీ మిమ్మల్ని విసిగించను."

"చీటీ ఇచ్చాను కదమ్మా. అందులో కేశం అసంతృప్తికరం అని..."

"అది మీకండీ. మీకు అసంతృప్తి అని ఉంది. స్వామికి అని లేదు. నేను మొక్కింది ఆయనకి."

"మేము ఆయన తరఫునే కదా..."

"మరేనండీ. ఆయన తరఫునే రాయండి."

పరాంకుశం గారు కాగితం తీశారు. రెండు పెన్నుల్లో మంచిది ఎంచుకున్నారు. 'స్వామివారికి ఈ భక్తురాలి' అని రాశారు. పెన్ను అక్కడ ఆగింది. ఆయన కళ్ళు గర్భగుడి వైపు వెళ్ళి, మళ్ళీ కాగితం మీదికి వచ్చాయి. నుదుట నామం మీద చెమట పట్టింది. వెనక వరసలో జనం మెడలు సాచారు.

"దీనికి నమూనా పత్రం లేదమ్మా" అన్నారు. ఫోను తీసి పైఅధికారికి చెప్పారు. ఆయన, అది తన పరిధిలోకి రాదు, పాలక మండలి చూడాలన్నారట. మండలి సభ్యులొకరు, ఇది ఆగమ విషయం, అర్చకులు సంతకం పెట్టాలన్నారట. అర్చకస్వామి స్వయంగా వచ్చి, సంగతి విని, రెండు చేతులూ వెనక్కి తీసుకున్నారు.

"నేను వద్దని సంతకం పెట్టి, సాయంత్రం హారతికి ఏ ముఖంతో నిలబడనయ్యా? నావల్ల కాదు."

గంట గడిచింది. కాగితం మీద మూడు మాటలే ఉన్నాయి. సత్యవేణి కదల్లేదు. విసుక్కోలేదు కూడా. బస్సు కోసం నిలబడినట్టు నిలబడింది.

చివరికి పరాంకుశం గారు నిబంధనావళి తిరగేసి, ఒక పుట దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నారు. "అమ్మా, ఇరవై ఏడో నిబంధన ఉంది. కానుక స్వీకార యోగ్యతపై వివాదం తలెత్తినచో, తుది నిర్ణయం వెలువడు వరకు సదరు కానుక దేవస్థానం వారి సంరక్షణలో ఉండవలెను."

"సంరక్షణ అంటే ఎక్కడండీ?" అన్నాను నేను.

"లోపలి ప్రాకారంలో. స్వామివారి వాహనాలుండే గది పక్కన. తాళం వేసి."

"గుడిలోపలేనా?"

"గుడిలోపలే."

కాసులమ్మ అప్పటికే చాప పరిచేసింది. "కూర్చోమ్మా. బాబూ, నీళ్ళు పట్రమ్మనండి."

"గమనించాలి" అన్నారు పరాంకుశం గారు లేచి నిలబడి, "ఇది ముండనం కాదు. వివాదాస్పద కేశమును స్వాధీనపరచుకొనుట మాత్రమే."

"అలాగేనండి. స్వాధీనమే చేత్తాను" అంది కాసులమ్మ కత్తి నూరుతూ.

తల తడుస్తుంటే సత్యవేణి కళ్ళు మూసుకుంది. కత్తి నుదుటి నుంచి వెనక్కి సాగింది. పిండీ, కారమూ, బోరు నీళ్ళూ చూసిన జుట్టు, కొసల దాకా, పాయలు పాయలుగా చాప మీద పడింది. హాల్లో ఎవరో "గోవిందా" అన్నారు. ఈసారి నిట్టూర్పు కాదు. ఆ గొంతుకి ఇంకో పది గొంతులు కలిశాయి.

పరాంకుశం గారు ఆ జుట్టును తెల్లగుడ్డలో తానే చుట్టి, మీద చీటీ అంటించి, నెంబరు వేశారు. వివాదం ఒకటి. తల ఎత్తేసరికి బల్ల ముందు వరస తలుపు దాటి ఉంది. పసివాణ్ణి ఎత్తుకున్న ఒకావిడ ముందుకు వంగింది.

"మా వాడిక్కూడా వివాదం రాయండి బాబూ. పుట్టువెంట్రుకలు."

"నాదీ వివాదమేనండి" అన్నాడు వెనకాయన, తల మీద మిగిలిన నాలుగు వెంట్రుకలు తడుముకుంటూ.

సాయంత్రానికి నూట పన్నెండు వివాదాలు నమోదయ్యాయి. చుట్టిపెట్టిన చాపలన్నీ విప్పారు. నీళ్ళ చప్పుడు, పిల్లల ఏడుపు మళ్ళీ వినిపించాయి. పరాంకుశం గారికి ఒక్క దాన్నీ భూతద్దం కింద పెట్టే తీరిక దొరకలేదు.

మేం దర్శనం వరసలోకి బయల్దేరుతుంటే ఆయన పరుగున వచ్చారు. ముఖంలో అలసట, కొంచెం భయం.

"అమ్మా, నియమం ప్రకారం చెప్పడం నా బాధ్యత. తుది నిర్ణయానికి ఏళ్ళు పట్టవచ్చు. అది మీకు వ్యతిరేకంగా వస్తే, మీ కేశాలు మీరు వెనక్కి తీసుకువెళ్ళవలసి ఉంటుంది."

"అలాగే బాబూ" అంది సత్యవేణి, చందనం గిన్నెలో వేళ్ళు ముంచుతూ. "ఆయన చేత్తో తిరిగిస్తే నేనొచ్చి పుచ్చుకుంటాను."